యుకటాన్ గవర్నర్ ఫెలిపే కారియో ప్వెర్తో: రెండేళ్ళు కూడా పాలించని మనిషి పేరు నూరేళ్ళ తర్వాత కూడా ఎందుకు వినిపిస్తోంది?

తీరం_వెంట:

అందరికీ నమస్కారం. ఈ డిసెంబర్‌లో కుటుంబంతో క్యాంకూన్ వెళ్తున్నాం, అక్కడి నుంచి మాయా రైలెక్కి కొంచెం లోపలి ఊళ్ళు కూడా చూద్దామని స్టేషన్ల మ్యాపు తిరగేస్తుంటే టులుమ్ దాటాక "ఫెలిపే కారియో ప్వెర్తో" అనే స్టేషన్ కనిపించింది, ఊరి పేరూ అదేనట. ఎవరీయన అని వెతికితే 1922లో మెక్సికోలోని యుకటాన్ రాష్ట్రానికి గవర్నర్ అని, రెండేళ్ళు నిండకముందే సైనికులు కాల్చి చంపారని ఉంది. 2024ని మెక్సికో ప్రభుత్వం ఆయన పేరిటే సంవత్సరంగా ప్రకటించి సర్కారు కాగితాలన్నిటి మీదా ఆ పేరు అచ్చు వేసిందని కూడా చదివాను.

నాకు అర్థం కానివి కొన్ని ఉన్నాయి. ఇంత తక్కువ కాలంలో ఆయన నిజంగా ఏం చేశాడు? వేలకు వేల మంది రైతులు ఆయన పార్టీలో ఉన్నారంటున్నారు కదా, మరి పట్టుకుని చంపేస్తుంటే ఒక్కళ్ళూ అడ్డం పడలేదా? ఇంకోటి, ఎక్కడ చూసినా ఒక అమెరికన్ జర్నలిస్టుతో ప్రేమకథే రాస్తున్నారు, అది పక్కన పెట్టి అసలు మనిషి గురించి తెలిసినవాళ్ళు చెప్పండి. మరీ పొట్టి జవాబులు వద్దు, ఓపిగ్గా చదువుతాను.

పాతకాగితం:

మంచి ప్రశ్న అడిగారండీ, ఈయన గురించి తెలుగులో మాట్లాడేవాళ్ళే తక్కువ. ముందుగా ఒక్క మాట, మెక్సికోలో గవర్నర్ అంటే ఢిల్లీ నుంచి వచ్చి రాజ్‌భవన్‌లో కూర్చునే పదవి కాదు, ఓట్లతో గెలిచి రాష్ట్రాన్ని నడిపేవాడు, మన ముఖ్యమంత్రి అనుకోండి. అప్పట్లో పదవీకాలం నాలుగేళ్ళు.

ఆయన సంగతి తెలియాలంటే ముందు యుకటాన్ సంగతి తెలియాలి. అక్కడ హెనెకెన్ అనే కిత్తలి జాతి మొక్క పండుతుంది, దాని ఆకు నుంచి నార తీస్తారు. అమెరికాలో గోధుమ కోసే యంత్రాలు వచ్చాక పనలు కట్టడానికి దారం కావాల్సి వచ్చింది, ఆ దారానికి ఈ నార కావాల్సి వచ్చింది, దాంతో 19వ శతాబ్దం చివరికి రాష్ట్ర రాజధాని మెరిదాలో కొన్ని కుటుంబాలు విపరీతంగా డబ్బు చేసుకున్నాయి. ఆ నారని పచ్చ బంగారం అనేవాళ్ళు. ఇంటర్నేషనల్ హార్వెస్టర్ కంపెనీకి సరుకు పంపిన ఒలెగారియో మొలీనా అనే పెద్ద భూస్వామి తనే రాష్ట్ర గవర్నర్ కూడా అయ్యాడంటే డబ్బుకీ పాలనకీ మధ్య గీత లేదని అర్థం. ఆ తోటల్లో ఆకులు కోసింది మాత్రం అక్కడి మూలవాసులైన మాయా జనం. తోట యజమాని దగ్గర పెళ్ళికో చావుకో తీసుకున్న అప్పు ఎన్నటికీ తీరదు, తండ్రి పోతే కొడుకు మీదకి వస్తుంది, పారిపోతే పట్టుకొచ్చి కొరడాతో కొడతారు. మాయా వాళ్ళు చాలక ఉత్తరాన సొనోరా నుంచి యాకీ తెగ వాళ్ళని పట్టి తెచ్చారు, 1905లో కొరియా నుంచి సుమారు వెయ్యి మందిని ఓడలో దింపారు.

ఫెలిపే 1874 నవంబర్ 8న మోతుల్‌లో పుట్టాడు, మెరిదాకి తూర్పున సుమారు 40 కిలోమీటర్లు, హెనెకెన్ తోటల నడిబొడ్డు. తల్లిదండ్రులకి పద్నాలుగు మంది పిల్లలు, ఇంట్లో చిన్న కొట్టు. మాయా కుటుంబం అని కొందరు రాస్తారు కానీ ఆ ఇల్లు అటు భూస్వాములూ కాదు, ఇటు తోట కూలీలూ కాదు, మధ్యలో ఉండే జనం. కానీ చుట్టుపక్కల పిల్లలతో తిరిగి మాయా భాష తన సొంత భాషలా మాట్లాడేవాడు, ఆయన జీవితమంతా దీని మీదే నిలబడింది అని నా అభిప్రాయం. రైల్లో కండక్టర్‌గా చేశాడు, బండి తోలాడు, పత్రికకి వార్తలు రాశాడు. 1857 నాటి మెక్సికో రాజ్యాంగాన్ని మాయాలోకి మార్చి చదువు రాని కూలీలకి వినిపించాడు. మీకు ఈ హక్కు కాగితం మీద ఉంది అని వాళ్ళ భాషలో చెప్పిన మొదటి మనిషి దాదాపు ఆయనే. ఇంతకన్నా ప్రమాదకరమైన పని తోట యజమానులకి ఇంకోటి ఉండదు. 1911లో రాజకీయ గొడవల్లో తన మీదకి వచ్చినవాణ్ణి కాల్చాడు, ఆత్మరక్షణ అన్నాడు, అయినా సుమారు రెండేళ్ళు జైల్లో ఉన్నాడు.

బయటికొచ్చాక ఎక్కడికి వెళ్ళాడో చూడండి, మోరెలోస్ రాష్ట్రానికి, భూమి కోసం తిరగబడ్డ రైతుల నాయకుడు జపాటా దగ్గరికి. అక్కడ కువాత్లా దగ్గర భూములు కొలిచి పంచే కమిషన్‌లో పని చేశాడు. భూమి పంచాలి అని ఉపన్యాసం ఇవ్వడం వేరు, గొలుసు పట్టుకుని చేను కొలిచి, ఏ ఊరిది ఏ హద్దు అని తేల్చడం వేరు. ఆయన రెండోది నేర్చుకుని 1915లో తిరిగొచ్చాడు. అప్పటికి యుకటాన్‌ని కేంద్రం పంపిన జనరల్ సాల్వదోర్ అల్వరాదో పాలిస్తున్నాడు, అప్పుల వెట్టిని నిజంగా ఆపినవాడు అతనే, ఆ గౌరవం అతనికి ఇవ్వాలి. ఫెలిపే ఆ నీడలో సోషలిస్టు పార్టీని ఊరూరా తీసుకెళ్ళాడు. ఊరికో సంఘం, వాటి పేరు ప్రతిఘటనా సంఘాలు. 1918లో మోతుల్‌లో, 1921లో ఇసమాల్‌లో మహాసభలు జరిగాయి. మధ్యలో 1919లో అధ్యక్షుడు కరాన్సా ప్రభుత్వం సైన్యాన్ని దించి పార్టీ ఆఫీసులు తగలబెట్టించింది, ఆయన ఊరు వదిలి పోవాల్సి వచ్చింది. 1920లో ఒబ్రెగాన్ గెలిచి అధ్యక్షుడయ్యాక మళ్ళీ తలుపులు తెరుచుకున్నాయి.

1922 ఫిబ్రవరి 1న గవర్నర్ అయ్యాడు. మెరిదా ప్రభుత్వ భవనం ముందు చేరిన జనంతో మొదటి ప్రసంగం మాయాలో చేశాడు. అప్పటిదాకా ఆ భవనంలో మాయా మాట్లాడినవాళ్ళు ఊడ్చేవాళ్ళూ వంటవాళ్ళే, ఒక్కసారి ఆ చౌక్‌లో నిలబడ్డ తోట కూలీగా మిమ్మల్ని మీరు ఊహించుకోండి.

ఆ తర్వాత ప్రతి గురువారం ఏదో ఒక ఊరికి వెళ్ళి భూమి అప్పగించడం పనిగా పెట్టుకున్నాడు. మొత్తం మీద లక్షల ఎకరాలు ఊళ్ళ ఉమ్మడి భూములుగా మారాయి, అప్పట్లో మెక్సికోలో మోరెలోస్ తప్ప ఇంత వేగంగా పంచిన రాష్ట్రం లేదు. అదే ఏడు మెరిదాలో విశ్వవిద్యాలయం పెట్టాడు, ఇప్పటి యుకటాన్ స్వయంప్రతిపత్తి విశ్వవిద్యాలయం దాని కొనసాగింపే. 1923లో పాత మాయా శిథిలాలున్న చిచెన్ ఇట్సాకి రోడ్డు వేయించాడు. మీ టూర్‌లో అక్కడికి తప్పకుండా వెళ్తారు కదా, ఆ శిథిలాలు కట్టింది మీ తాతలే అని కూలీలకి చూపించాలన్నది ఆ రోడ్డు వెనక ఉన్న ఆలోచన, పర్యాటకం తర్వాతి సంగతి.

సంఘం_చిట్టి:

పైన పాతకాగితం గారు చెప్పింది చాలా బాగుంది, కానీ మీ రెండో ప్రశ్నకి జవాబు మిగిలిపోయింది, నాకు అన్నిటికన్నా బాధ కలిగించే భాగం కూడా అదే.

మాది నల్లగొండ వైపు. నిజాం కాలంలో మా దగ్గర భగేలా అనేవాళ్ళు, తాత తెచ్చిన అప్పుకి మనవడు దొర ఇంట్లో పనికి కట్టుబడి ఉండటం. అందుకే యుకటాన్ తోటల సంగతి చదివినప్పుడు నాకు కొత్తగా ఏమీ అనిపించలేదు, ఆ సంఘాలు ఎందుకు నిలబడలేకపోయాయి అన్నదే వెతుక్కుంటూ చదివాను.

జరిగిన క్రమం ఇది. 1923 డిసెంబర్ మొదట్లో, అంతకుముందు ఆర్థిక మంత్రిగా చేసిన అదోల్ఫో దె లా వెర్తా, అధ్యక్షుడు ఒబ్రెగాన్ మీద తిరగబడ్డాడు. దేశంలో సైన్యం సగానికి సగం అటు వెళ్ళిపోయింది. యుకటాన్‌లో ఉన్న దళాలు కూడా తిరగబడ్డాయి, కర్నల్ రికార్దెస్ బ్రోకా అనేవాడు తనే గవర్నర్‌నని ప్రకటించుకున్నాడు. డిసెంబర్ 12న ఫెలిపే అన్నదమ్ములతో, కొద్దిమంది అనుచరులతో రైల్లో మెరిదా వదిలాడు. మోతుల్ మీదుగా తూర్పుకి, తిసిమిన్ దాటి, ఎల్ కూయో తీరానికి. అక్కడి నుంచి పడవలో క్యూబా చేరాలని. పడవ సాగలేదు, తీరంలోనే దొరికిపోయారు. మెరిదా జైలుకి తెచ్చి, జనవరి 2 రాత్రి సైనిక విచారణ పేరుతో ఒక తంతు నడిపి, 1924 జనవరి 3 తెల్లవారుజామున ఊరి శ్మశానం గోడ దగ్గర కాల్చేశారు. మొత్తం పదమూడు మంది, అందులో ఆయన తమ్ముళ్ళు ముగ్గురు, విల్‌ఫ్రిదో, బెంజమిన్, ఎదేసియో. ఎన్నికైన గవర్నర్‌ని సైనిక కోర్టు విచారించే అధికారమే లేదని ఆయన అక్కడ వాదించాడు, చట్టం ప్రకారం అది నిజం కూడా.

మరి సంఘాల్లో ఉన్న పదుల వేల మంది ఏమయ్యారు?

ఒకటి, తుపాకులు లేవు. ఉన్నవి వేట తుపాకులు, కొడవళ్ళు. మరతుపాకుల ముందు వాళ్ళని నిలబెట్టి చంపించడం ఇష్టం లేక ఆయనే వద్దన్నాడని ఆయన్ని ప్రేమించేవాళ్ళు చెప్తారు. ఆ మాటలో నిజం ఉంది. కానీ నాకు అంతటితో తృప్తి లేదండీ. రెండో కారణం ఇంకా లోతైనది, ఆ సంఘాల్లో చాలా వాటిని నడిపింది ఊరి పెద్దమనుషులు, కసీక్‌లు అంటారు అక్కడ. పాత కాలం నుంచి ఆ ఊళ్ళో మాట చెల్లే బలమైనవాడు ఎవడో వాడికే సంఘం అప్పగించి, వాడికి స్థానిక పదవి ఇచ్చి, వాడి చేత ఊరందరినీ సభ్యులుగా రాయించారు. ఎన్నికలప్పుడు ఈ పద్ధతి బ్రహ్మాండంగా పని చేసింది. కష్టం వచ్చేసరికి కసీక్ తన ఊరు, తన పదవి చూసుకున్నాడు. కొందరు కొత్త సర్కారుతో సర్దుకున్నారు కూడా. సొంత కుటుంబం వాళ్ళు పదవుల్లో ఉండటం కూడా జనంలో గొణుగుడుకి కారణమైంది, ఎదేసియో మోతుల్ మేయర్‌గా ఉండేవాడు.

ఆయన వేరే దారి పట్టగలిగేవాడా అంటే, అప్పటి పరిస్థితిలో కష్టమే. 1919లో పార్టీని సైన్యం తొక్కేశాక మళ్ళీ వేగంగా లేపాలంటే ఊళ్ళో బలం ఉన్నవాడి భుజం మీద చెయ్యి వేయక తప్పలేదు. హెనెకెన్ ధర మొదటి ప్రపంచ యుద్ధం అయ్యాక పడిపోయింది, ఖజానా ఖాళీ, తోటల్లో పని లేదు. కానీ కింద నుంచి, కూలీల్లోంచే నాయకులు వచ్చేదాకా ఆగి ఉంటే సంఘం చిన్నదైనా ఎముక గట్టిగా ఉండేది అని నేను గట్టిగా నమ్ముతాను.

ఇంకో సంగతి చాలామంది వదిలేస్తారు. ఆయన మొదట పంచిన భూములు ఎక్కువగా హెనెకెన్ తోటల బయటివి, మొక్కజొన్న వేసుకునేవి. తోటల జోలికి వెళ్తే రాష్ట్ర ఆదాయమే పోతుందని జాగ్రత్తగా ఉన్నాడు. 1923 చివర్లో మాత్రం యజమానులు పాడుబెట్టిన తోటలని స్వాధీనం చేసుకుని కూలీల చేత నడిపిస్తామని ఉత్తర్వు ఇచ్చాడు. కొద్ది వారాల్లోనే ఆయన్ని చంపేశారు. తోట యజమానులు సైనికులకి డబ్బిచ్చారని అప్పటి నుంచీ మెరిదాలో అనుకుంటూనే ఉన్నారు. ఎవరు ఎంత ఇచ్చారన్న లెక్కల జోలికి నేను పోను కానీ, ఆయన చావు ఎవరికి లాభమో చెప్పడానికి పెద్ద పరిశోధన అక్కర్లేదు.

అక్షరతోట:

ఈ థ్రెడ్‌లో ఇప్పటిదాకా ఎల్వియా పేరు రాలేదు. ప్రేమకథ పక్కన పెట్టమన్నారు కాబట్టి సంతోషం, కానీ ఆ ఇంట్లోని అసలైన రెండో నాయకురాలిని కూడా పక్కన పెట్టేస్తే ఎలా?

ఎల్వియా కారియో ప్వెర్తో ఆయన చెల్లెలు. చిన్న వయసులోనే పెళ్ళి, చిన్న వయసులోనే భర్త పోయాడు, టీచర్‌గా బతికింది. 1916 జనవరిలో మెరిదాలో అల్వరాదో మహిళా మహాసభ పెట్టించాడు, దేశంలో మొదటిది, కానీ అక్కడికి వచ్చింది ఎక్కువగా చదువుకున్న పట్టణ టీచర్లు. ఎల్వియా ఆ పనిని ఊళ్ళలోకి తీసుకెళ్ళింది. మాయా స్త్రీల మధ్య సంఘాలు పెట్టి, చదువు, శుభ్రత, పిల్లల ఆరోగ్యం, మగవాళ్ళ తాగుడు, ఇవన్నీ మాట్లాడింది. 1922లో అమెరికాలో గర్భనిరోధం కోసం పోరాడుతున్న మార్గరెట్ సాంగర్ కరపత్రాన్ని స్పానిష్‌లో అచ్చు వేసి మెరిదాలో పంచారు, చర్చి వాళ్ళు మండిపడ్డారు, అయినా ప్రభుత్వం ఆపలేదు. ఏ సంవత్సరమో ఇంకోసారి చూడండి, 1922! చాలా దేశాల్లో అప్పుడు ఆ మాట పైకి అంటేనే కేసు.

అదే ఏడాది రోసా తోర్రె మెరిదా పురపాలక సంఘానికి ఎన్నికైంది. 1923 నవంబర్‌లో ఎల్వియా, బెయాత్రీస్ పెనీచే, రకేల్ జిబ్, ముగ్గురు ఆడవాళ్ళు రాష్ట్ర శాసనసభకి గెలిచారు. మెక్సికోలో ఆడవాళ్ళకి దేశమంతా ఓటు వచ్చింది 1953లో. అంటే ముప్పై ఏళ్ళ ముందు ఒక మూల రాష్ట్రంలో ఇది జరిగింది. నెల తిరిగేసరికి తిరుగుబాటు, ఆ పదవులూ నిలవలేదు. తర్వాత ఎల్వియా సాన్ లూయిస్ పొతోసి నుంచి పార్లమెంటుకి పోటీ చేసి ఓట్లలో గెలిచింది కానీ ఆడమనిషి అని సభలో కూర్చోనివ్వలేదు. ఒకే రోజున నలుగురు అన్నదమ్ములని పోగొట్టుకున్న మనిషి అంత దూరం వెళ్ళి మళ్ళీ పోటీకి నిలబడిందంటే నాకు ఆమె మీద ఉన్న గౌరవం మాటల్లో చెప్పలేను.

సంఘం_చిట్టి గారూ, కసీక్‌ల గురించి మీరన్నది ఒప్పుకుంటాను, కానీ మహిళా సంఘాలు ఆ లెక్కలోకి పూర్తిగా రావు. ఊరి పెద్దమనిషికి సారా అమ్మకం ఆదాయం, ఆ సారా మానిపించాలని తిరిగింది ఈ ఆడవాళ్ళు. అంటే పార్టీ లోపలే కసీక్‌లకి ఎదురు నిలిచింది వీళ్ళు. అటువైపు కూడా చూడాలి.

ప్రేమకథ ఎలాగూ అడుగుతారు కాబట్టి క్లుప్తంగా. ఆల్మా రీడ్, శాన్‌ఫ్రాన్సిస్కో జర్నలిస్టు, 1923లో చిచెన్ ఇట్సా తవ్వకాల వార్తల కోసం వచ్చింది. అక్కడి పవిత్ర బావిలోంచి ఎడ్వర్డ్ థామ్సన్ అనే అమెరికన్ కాన్సల్ తీసిన మాయా వస్తువులు హార్వర్డ్ మ్యూజియానికి తరలిపోయిన సంగతి న్యూయార్క్ టైమ్స్‌లో బయటపెట్టింది, ఆమెని గుర్తు పెట్టుకోవాల్సింది అందుకే. ఫెలిపేకి అప్పటికే భార్య, పిల్లలు ఉన్నారు. తన ప్రభుత్వమే తెచ్చిన కొత్త విడాకుల చట్టం కిందే విడాకులు తీసుకున్నాడు. భార్య ఇసబెల్ పాల్మా పక్షాన ఆలోచిస్తే నాకు ఇది నచ్చే విషయం కాదు, ఆ మాట దాచను. జనవరిలో పెళ్ళి అనుకున్నారు, ఆమె శాన్‌ఫ్రాన్సిస్కోలో ఉండగానే ఆయన్ని చంపేశారు.

తీరం_వెంట:

ముగ్గురికీ చాలా థాంక్స్, ఇంత వివరంగా రాస్తారనుకోలేదు. రెండు విషయాలు అడగొచ్చా? ఎం.ఎన్. రాయ్ మెక్సికోలో కమ్యూనిస్టు పార్టీ పెట్టాడని మా తాతయ్య చెప్పేవారు, ఆయన తెనాలిలో రాయ్ అనుచరులతో తిరిగిన మనిషి. ఈ ఫెలిపేకీ రాయ్‌కీ ఏమైనా సంబంధం ఉందా? ఇంకోటి, ఆయన చనిపోయాక ఆ భూముల సంగతేమైంది? మళ్ళీ లాక్కున్నారా?

పాతకాగితం:

మీ తాతయ్య చెప్పింది నిజమే. రాయ్ 1917లో అమెరికా నుంచి మెక్సికో చేరాడు, 1919లో అక్కడి సోషలిస్టు పార్టీ కమ్యూనిస్టు పార్టీగా మారడంలో ఆయనది ముఖ్యపాత్ర, ఆ ఏడాది చివర్లోనే యూరప్ వెళ్ళిపోయాడు. ఫెలిపే గవర్నర్ అయింది 1922లో. పైగా ఆయన పార్టీ వేరు. ఇసమాల్ సభలో మాస్కో ఇంటర్నేషనల్‌లో, అంటే మాస్కో నుంచి నడిచే ప్రపంచ కమ్యూనిస్టు పార్టీల కూటమిలో, చేరాలా అని పెద్ద చర్చ జరిగింది, సానుభూతి చూపించారు కానీ చేరలేదు. ఎర్ర జెండాలు, ఎర్ర పూలతో పెళ్ళిళ్ళు అన్నీ ఉన్నా ఆయన చూపు మాత్రం మాయా ఊరి మీదే, మాస్కో మీద కాదు. అమెరికా పత్రికలు ఆ తేడా పట్టించుకోకుండా బోల్షెవిక్ అని రాసేశాయి.

ఇంకో చిన్న సవరణ మీ ప్రయాణం కోసం. మీరు మ్యాపులో చూసిన ఊరు ఆయన పాలించిన యుకటాన్‌లో లేదు, పక్కన ఉన్న కింతానా రో రాష్ట్రంలో ఉంది. దాని పాత పేరు చాన్ సాంతా క్రూస్, 1847లో మొదలైన మాయా తిరుగుబాటుకి రాజధాని, అర్ధ శతాబ్దం పాటు మెక్సికో సైన్యానికి లొంగలేదు. ఆ ఊరికి ఆయన పేరు తర్వాత పెట్టారు. ఆయన కోసం చూడాలంటే మెరిదాలో ఒక్క రోజు ఉండండి. ప్రభుత్వ భవనంలో ఫెర్నాందో కాస్త్రో పచేకో వేసిన పెద్ద పెద్ద చిత్రాలున్నాయి, హెనెకెన్ కోసిన చేతులు, ఫెలిపే, అల్వరాదో అందరూ ఉంటారు. ఊరి శ్మశానంలో వాళ్ళని కాల్చిన గోడ ఉంచారు, ఆల్మా రీడ్ సమాధి కూడా అక్కడికి దగ్గరే, 1966లో పోయాక ఆమె చితాభస్మాన్ని తెచ్చి అక్కడ పెట్టారు.

సంఘం_చిట్టి:

భూముల సంగతి నేను చెప్తాను. 1924 వేసవి లోపే తిరుగుబాటు అణిగిపోయింది, ఆయన పార్టీయే మళ్ళీ అధికారంలోకి వచ్చింది, ఇతురాల్దె గవర్నర్ అయ్యాడు. పార్టీ పేరు మిగిలింది, ఫెలిపే ఫొటో ప్రతి ఆఫీసులో వేలాడింది, పంపిణీ మాత్రం నత్తనడక పట్టింది. భూములన్నీ వెనక్కి లాక్కున్నారని కాదు, తోటల జోలికి మాత్రం ఎవరూ పోలేదు.

ఆ పని చేసింది లాసారో కార్దెనాస్. ఆయన కూడా మొదట మిచోవకాన్ గవర్నర్, తర్వాత అధ్యక్షుడు. 1937 ఆగస్టులో తనే మెరిదా వచ్చి వారాల పాటు ఉండి హెనెకెన్ తోటలని ఊళ్ళకి పంచాడు. అయితే నార తీసే యంత్రాలున్న షెడ్లు, వాటి చుట్టూ 150 హెక్టార్ల చొప్పున తోట యజమానుల దగ్గరే ఉంచారు. ఆకు కోసిన కొద్ది గంటల్లో యంత్రంలో పెట్టకపోతే నార పాడవుతుంది. కాబట్టి పొలం రైతుది, యంత్రం పాత యజమానిది, అప్పు సర్కారు బ్యాంకుది. ఏ మొక్క ఎప్పుడు నాటాలో కూడా బ్యాంకు అధికారులే చెప్పే పరిస్థితి వచ్చింది, రైతు తన పొలంలో మళ్ళీ కూలీ లెక్కన వారం వారం అడ్వాన్సు తీసుకునేవాడు. 1923 చివర ఫెలిపే ఇచ్చిన ఉత్తర్వులో తోటని కూలీలే నడపాలన్న ఆలోచన ఉంది చూశారూ, ఆ ఒక్క ముక్క 1937లో పూర్తిగా అమలు కాలేదు. ఈ యంత్రాల గొడవ మీద ఎవరైనా ఇంకా చదివి ఉంటే రాయండి, నాకు చాలా ఆసక్తి.